కొడుకు ఓడ మీద, జీతం గాల్లో: కాన్సులేట్ నుంచి ఏం ఆశించవచ్చు?

గాజువాక నుంచి ఒక తండ్రి పెద్ద ఉత్తరం రాశారు. పేర్లు తీసేసి సారాంశం ఇస్తున్నాం.

ఆయన స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు పని చేసి మానేశారు. ఒక్కడే కొడుకు, 23 ఏళ్లు. ఓడల్లో కింది స్థాయి పనికి ఆర్నెల్ల జీపీ రేటింగ్ కోర్సు చేశాడు. నావికుడి గుర్తింపు పుస్తకం సీడీసీ చేతికొచ్చాక కూడా ఓడ దొరక్క రెండేళ్లు ఖాళీగా తిరిగాడు. చివరికి డాబాగార్డెన్స్ దగ్గర ఒక గదిలో కూర్చునే ఏజెంటు 3 లక్షల 80 వేలు తీసుకుని షార్జాలో ఓడ చూపిస్తానన్నాడు. పుస్తెలతాడు తప్ప ఇంట్లో బంగారమంతా తాకట్టుకెళ్లింది. ‘ఇమిగ్రేషన్‌లో అడిగితే చుట్టపుచూపుగా వెళ్తున్నానని చెప్పు’ అని నేర్పి విజిట్ వీసా మీద విమానం ఎక్కించాడు.

వెళ్లి ఏడు నెలలైంది. ఓడ ఒక పాత చిన్న ఆయిల్ ట్యాంకర్, జెండా ఏదో ద్వీప దేశానిది. మొదటి రెండు నెలలు 450 డాలర్ల చొప్పున జీతం వచ్చింది. తర్వాత ఐదు నెలలుగా పైసా లేదు. ఓడను షార్జా బయట లంగరు వేసి వదిలేశారు. మొత్తం తొమ్మిది మంది, అందులో ఐదుగురు మనవాళ్లు. పాస్‌పోర్టులు, సీడీసీలు కెప్టెన్ దగ్గరే ఉన్నాయి. డీజిల్ అయిపోవస్తోందని జనరేటర్ రోజుకు నాలుగు గంటలే వేస్తున్నారట. అన్నం, పప్పు, ఉల్లిపాయ తప్ప ఇంకేం లేదు. అక్కడ వాట్సాప్ కాల్ పడదు కాబట్టి అబ్బాయి వాయిస్ మెసేజ్‌లు పెడుతుంటాడు. ‘రాత్రిళ్లు లోపల ఉక్క, డెక్ మీదే పడుకుంటున్నాం నాన్నా. ఒడ్డున లైట్లు కనిపిస్తున్నాయి’ అన్నది మొన్న వచ్చిన మెసేజ్.

దుబాయ్‌లోని మన కాన్సులేట్‌కు ఆయన మెయిల్ పెట్టారు. ‘విషయాన్ని కంపెనీ దృష్టికి తీసుకెళ్లాం’ అని ఒక్క లైను జవాబు వచ్చింది. హైదరాబాద్‌లో యూఏఈ కాన్సులేట్‌కు వెళ్తే గేటు దగ్గరే తిప్పి పంపారు. ఏజెంటేమో ఇంకో లక్షన్నర ఇస్తే బదులు మనిషిని పెట్టి, టికెట్ కొని రప్పిస్తానంటున్నాడు. కేసు పెడితే వాడికి కోపమొచ్చి పిల్లాణ్ణి అక్కడే వదిలేస్తాడని బంధువులు భయపెడుతున్నారు. ఆయన ప్రశ్నలు ఇవి: కాన్సులేట్ వాళ్లు వెళ్లి మావాణ్ణి దింపలేరా? జీతం ఇప్పించలేరా? నేనే దుబాయ్ వెళ్లనా? ఏజెంటు మీద కేసు పెట్టాలా, వద్దా?

అయ్యా,

అబ్బాయి ఇంటికి రావాలి, ఐదు నెలల జీతం రావాలి. మీకు ఇవి రెండూ ఒకే కష్టం. కాన్సులేట్‌లో మాత్రం రెండు వేర్వేరు ఫైళ్లు. మనిషిని ఇంటికి చేర్చే విషయంలో వాళ్లకు కాస్త బలం ఉంది, జీతం విషయంలో చాలా తక్కువ. మీ మెయిల్లో రెండూ కలిపి, ‘జీతం ఇప్పించి పంపండి’ అని రాశారు. అలా రాస్తే ముందు కంపెనీని జీతం అడగాల్సి వస్తుంది. కంపెనీ ‘వచ్చే వారం’ అంటుంది. ఆ వచ్చే వారం ఎప్పటికీ రాదు, ఫైలు అక్కడే కూర్చుంటుంది. మీకొచ్చిన ఒక్క లైను జవాబుకు అర్థం ఇదే. వాళ్లు పట్టించుకోలేదని కాదు. మీరు అడిగినదాంట్లో వాళ్లు చేయగలిగిన మొదటి మెట్టు అది. రెండో మెట్టుకు కావలసిన కాగితాలు మీ దగ్గర్నుంచి వెళ్లాలి.

ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలో చూద్దాం. హైదరాబాద్‌లో ఉన్న యూఏఈ కాన్సులేట్ ఆ దేశానిది. వాళ్ల వీసాలు, వాళ్ల దేశంలో చెల్లాల్సిన కాగితాల మీద ముద్రలు, వాళ్ల పౌరుల బాగోగులు దాని పని. మన మనిషి కోసం వాళ్లు చేసేదేమీ ఉండదు, గేటు దగ్గర తిప్పి పంపడంలో వింతేమీ లేదు. మీ అబ్బాయి ఫైలు దుబాయ్‌లోని ఇండియన్ కాన్సులేట్ జనరల్‌ది. షార్జా, అజ్మాన్, ఫుజైరా లాంటి ఉత్తర ఎమిరేట్లన్నీ దాని కిందికే వస్తాయి. అబుదాబి మాత్రం అక్కడి రాయబార కార్యాలయం చూసుకుంటుంది. ఈ తేడా మీకు ఎందుకంటే, ఇలాంటి ఓడల్ని యజమానులు ఉన్నట్టుండి జరుపుతారు. రేపు ఒమాన్ వైపు లాగితే ఫైలు మస్కట్‌కు పోవాలి. అందుకే ప్రతి మెయిల్లోనూ ఓడ ఆ రోజు ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో రాయాలి.

కాన్సులేట్ అధికారాలు 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం నడుస్తాయి. తన దేశ పౌరులకు సాయం చేయడం, పాస్‌పోర్టులివ్వడం, కాగితాలు ధ్రువీకరించడం, జైల్లో ఉన్నవాళ్లను కలవడం లాంటివన్నీ అందులో ఉన్నాయి. ఓడల సంగతి కూడా ఉంది. తన దేశపు జెండా ఉన్న ఓడనైతే కాన్సులేట్ తనిఖీ కూడా చేయవచ్చు. మీవాడున్న ఓడ మీద ఉన్నది మన జెండా కాదు. కాబట్టి మన అధికారికి ఆ ఓడెక్కి ‘లాగ్‌బుక్ చూపించు’ అనే హక్కు లేదు. ఆ హక్కు ఓడ నమోదైన దేశానిది, అంటే జెండా దేశానిది, ఆ రేవు అధికారులది. కాన్సులేట్ ఏ దేశంలో ఉంటే ఆ దేశపు చట్టాలను గౌరవించాలని, అక్కడి వ్యవహారాల్లో తలదూర్చకూడదని అదే ఒప్పందంలోని 55వ అధికరణం దాని చేతులు కట్టేస్తుంది. కోర్టులాగా తీర్పు చెప్పలేదు, పోలీసులాగా తలుపు తట్టలేదు. చేయగలిగిందల్లా, ఎవరి మీద ఆ బాధ్యత ఉందో వాళ్ల మీద ప్రభుత్వ హోదాతో ఒత్తిడి పెట్టడం. మీరూ నేనూ మెయిల్ పెడితే పక్కన పడేసే రేవు అధికారి, కాన్సులేట్ లెటర్‌హెడ్ మీద వస్తే జవాబు రాయాల్సిందే.

తీరం కనిపిస్తుండగా ఒక పడవ పంపి దింపేయడానికి ఏమైందని మీరు అడిగారు. అడ్డు సముద్రం కాదు, కాగితం. ఓడలో చేరేటప్పుడు ఇమిగ్రేషన్ వాళ్లు సాధారణంగా ‘దేశం దాటాడు’ అని నమోదు చేస్తారు. అంటే ఒడ్డున లైట్లు కనిపిస్తున్నా చట్టం లెక్కలో మీవాడు యూఏఈ బయట ఉన్నాడు. మళ్లీ నేల మీద కాలు పెట్టి విమానాశ్రయానికి వెళ్లాలంటే రేవు ఇమిగ్రేషన్ అనుమతి కావాలి. మామూలుగా దాన్ని ఓడ తరఫున ఉండే స్థానిక షిప్పింగ్ ఏజెంటు తెస్తాడు. డబ్బు ముట్టకపోతే ఆ ఏజెంటే ముందు తప్పుకుంటాడు. అప్పుడు అడిగే నాథుడుండడు. కాన్సులేట్ నేరుగా రేవు అధికారులకూ ఇమిగ్రేషన్‌కూ రాయాల్సిన చోటు ఇదే.

ఇక్కడ ఒక సంగతి వెంటనే తేల్చుకోండి. విజిట్ వీసా మీద వెళ్లినవాడికి ఓడెక్కేటప్పుడు ఎగ్జిట్, అంటే దేశం దాటినట్టు నమోదు, పడిందా, లేదా? అబ్బాయిని అడగండి. అక్రమంగా ఎక్కిస్తే ఎగ్జిట్ పడకపోవచ్చు. పడకపోతే వీసా గడువు తీరిన రోజు నుంచి రోజుకు 50 దిర్హాముల చొప్పున జరిమానా పెరుగుతూ ఉంటుంది. ఆరు నెలలంటే దాదాపు 9 వేల దిర్హాములు. భయపడి దాచిపెట్టకండి, కాన్సులేట్‌కు ముందే చెప్పండి. మాఫీ కోసం వాళ్లు ఇమిగ్రేషన్‌కు రాయగలరు. విదేశాల్లో కష్టంలో ఉన్న భారతీయుల కోసం 2009లో పెట్టిన ఐసీడబ్ల్యూఎఫ్ అనే సంక్షేమ నిధి ఉంది. చిన్నపాటి జరిమానాలు, తిరుగు టికెట్, తాత్కాలిక వసతి, న్యాయ సహాయం లాంటి వాటికి అర్హత చూసి అందులోంచి ఇస్తారు. జీతం బకాయిలు మాత్రం ఆ నిధి తీర్చదు. జరిమానా ఉందన్న సంగతి ముందే తేలకుండా విమానాశ్రయం కౌంటర్లో తెలిస్తే ఆ టికెట్ వృథా.

ఇంకో అడ్డు కూడా ఉంది. లంగరు వేసిన ఓడను ఖాళీగా వదలడానికి హార్బర్ మాస్టర్ ఒప్పుకోడు. గాలివాన వచ్చి లంగరు తెగితే అది వెళ్లి ఇంకో ఓడను గుద్దుతుంది, ట్యాంకర్ అయితే చమురు కారుతుంది. అందుకే కనీస సిబ్బంది ఉండాలంటారు, తొమ్మిది మందిని ఒకేసారి దిగనివ్వరు. కెప్టెన్, ఇంజినీరు ఆఖరున దిగుతారు. మీవాడు ఆర్డినరీ సీమన్, అంటే కింది స్థాయి నావికుడు కాబట్టి మొదటి విడతలో దిగే అవకాశం ఎక్కువ. కానీ ‘అందర్నీ దింపితేనే దిగుతాం’ అని కుర్రాళ్లు ఒట్టు వేసుకుంటే ఆ అవకాశం పోతుంది. స్నేహం మంచిదే గానీ, ముందు దిగినవాడే మిగతావాళ్ల తరఫున ఒడ్డు మీద తిరగగలడు.

ఇప్పుడు ఏం పంపాలో చెబుతాను, అసలు పని ఇదే.

మెయిల్ మీ నుంచి కాకుండా ఓడ నుంచి వెళ్లాలి. ఐదుగురు భారతీయులూ సంతకం చేసిన ఒకే కాగితం ఫొటో తీసి పంపమనండి. ఇంగ్లిష్‌లో, ఒక పేజీకి మించకుండా ఉండాలి. పైన ఓడ పేరు, దాని పక్కన ఐఎంఓ నంబరు. ఏడంకెల ఈ నంబరు ఓడ ఒంటి మీద రాసి ఉంటుంది. పేరు మార్చినా, జెండా మార్చినా, యజమాని మారినా అది మారదు. ఈక్వాసిస్ అనే ఉచిత వెబ్‌సైట్లో ఆ నంబరు కొడితే యజమాని ఎవరో, నడిపే కంపెనీ ఏదో, బీమా ఎవరిదో చాలావరకు తెలుస్తుంది. ఏజెంటు చెప్పిన కంపెనీ పేరు, అక్కడ కనిపించే పేరు వేరుగా ఉంటే ఆశ్చర్యపోకండి. కాన్సులేట్‌కు రెండూ పంపండి.

కింద ఒక్కో మనిషికి పేరు, పాస్‌పోర్టు నంబరు, సీడీసీ నంబరు, ఇండోస్ నంబరు (భారతీయ నావికుల జాబితాలో అతని నంబరు), చేరిన తేదీ, చివరిసారి జీతం ముట్టిన నెల, బకాయి ఎన్ని డాలర్లు. తర్వాత ఓడలో ఏం మిగిలిందో లెక్క: తాగునీరు ఎన్ని రోజులకు, బియ్యం ఎన్ని రోజులకు, డీజిల్ ఎన్ని రోజులకు, ఎవరికైనా జబ్బుంటే ఏ జబ్బు, ఏ మందు. ‘తిండి లేక అల్లాడుతున్నాం’ అని రాస్తే అధికారికి బాధ కలుగుతుంది గానీ ఫైలు కదలదు. ‘తాగునీరు ఆరు రోజులకే ఉంది, డీజిల్ తొమ్మిది రోజులకే ఉంది’ అని రాస్తే ఆ కాగితాన్ని రేవు అధికారికి చూపించి మానవతా దృష్టితో ఇన్ని రోజుల్లో సరుకు పంపండని గడువు పెట్టగలడు. స్టోర్‌రూమ్, ఫ్రీజర్, నీళ్ల ట్యాంకు ఫొటోలు తేదీ కనిపించేలా జత చేయండి.

ఆఖరున రెండు విజ్ఞప్తులు, విడివిడిగా రాయాలి. ఒకటి, ‘మమ్మల్ని స్వదేశానికి పంపండి.’ రెండోది, ‘జీతం బకాయి మీద మా హక్కు వదులుకోవడం లేదు.’

ఇది కాన్సులేట్‌కు పంపుతూ మన నౌకారంగాన్ని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, ముంబైలోని డీజీ షిప్పింగ్‌కు, జెండా దేశపు నౌకా విభాగానికి, అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య ఐటీఎఫ్‌కు కాపీలు పెట్టండి. ఆలోగా మీరు మదద్ పోర్టల్లో ఫిర్యాదు నమోదు చేయండి. విదేశాంగ శాఖ 2015 నుంచి నడుపుతున్నది ఇది. కుటుంబ సభ్యులు ఇక్కడి నుంచే చేయొచ్చు. ఒక నంబరు ఇస్తుంది, గడువు దాటితే ఫిర్యాదు పై అధికారికి ఎక్కుతుంది. ఆ తర్వాత ఎవరికి రాసినా, మీ ఎంపీ గారి ఆఫీసుకైనా, ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్ఆర్టీ సొసైటీకైనా ఆ నంబరు వేసే రాయండి. నంబరు లేని సిఫారసు ఉత్తరం ఢిల్లీలో కొత్త కాగితంగా మొదలవుతుంది. నంబరుంటే ఉన్న ఫైల్లోకి వెళ్తుంది. అబ్బాయి ఫోన్లో యూఏఈ సిగ్నల్ ఉంది కాబట్టి ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం ఉచిత నంబరు 800 46342కు ఫోన్ చేయమనండి. తెలుగులో మాట్లాడేవాళ్లు కావాలని అడగడంలో తప్పులేదు.

మన ఊళ్లోనే డీజీ షిప్పింగ్ కింద పనిచేసే మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ ఉంది. కాగితాలు పట్టుకుని అక్కడికి స్వయంగా వెళ్లండి. ఓడను వదిలేసిన కేసుల్ని ఐక్యరాజ్యసమితి సంస్థలైన ఐఎల్ఓ (కార్మికుల సంస్థ), ఐఎంఓ (నౌకాయాన సంస్థ) కలిసి నడిపే జాబితాలో ఎక్కిస్తారు. మన ప్రభుత్వం గానీ ఐటీఎఫ్ గానీ ఎక్కించగలవు. ఆ జాబితాలోకి వెళ్లిన ఓడకు జెండా దేశమూ రేవు దేశమూ జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. మీకొక్కరికే ఇలా జరిగిందని అనుకోకండి. 2024 ఒక్క ఏడాదిలో 312 ఓడల మీద 3,133 మంది ఇలా వదిలేయబడ్డారని ఐటీఎఫ్ లెక్క. అందులో అందరికంటే ఎక్కువ మంది మనవాళ్లే.

ఇక జీతం సంగతి. నావికుల హక్కుల ఒప్పందం ఎంఎల్‌సీ ప్రకారం రెండు నెలలు జీతం ఆపినా ఓడను వదిలేసినట్టే లెక్క. మీవాడికి ఐదు నెలలైంది. జెండా దేశం ఆ ఒప్పందంలో ఉంటే, సిబ్బందిని వదిలేస్తే ఆదుకునేలా ఓడకు బీమా ఉండాలి. ఆ సర్టిఫికెట్ ఇంగ్లిష్‌లో, అందరికీ కనిపించే చోట అంటించి ఉండాలి. మెస్ గదిలోనో, నోటీసు బోర్డు మీదో చూసి ఫొటో తీయమనండి. బీమా కంపెనీ పేరు, చిరునామా, గడువు అందులోనే ఉంటాయి. నావికుడు గానీ, అతను నియమించిన ప్రతినిధి గానీ నేరుగా ఆ బీమా కంపెనీని అడగొచ్చు, యజమాని దయ అక్కర్లేదు. తిండి, నీళ్లు, వైద్యం, ఇంటికి టికెట్, బకాయి జీతం దాని కిందికే వస్తాయి. ‘పాలసీ రద్దయింది’ అని బీమా కంపెనీ అంటే అంతటితో ఊరుకోవద్దు. రద్దు చేసే ముందు జెండా దేశానికి కనీసం 30 రోజుల నోటీసు ఇచ్చారా అని అడగాలి.

ఇక్కడ మీరు బాగా ఆలోచించాల్సిన అంకె ఒకటి ఉంది. ఆ బీమా ఇచ్చే బకాయి జీతం ఎక్కువలో ఎక్కువ నాలుగు నెలలకే. మీవాడి బకాయి దాన్ని ఇప్పటికే దాటిపోయింది. అంటే ‘ఇంకో రెండు నెలలు ఓపిక పడితే ఆ జీతం కూడా కలిపి వస్తుంది’ అన్న ఆశకు బీమా వైపు నుంచి ఆధారం లేదు. ఆపై నెలల డబ్బు రావాలంటే యజమాని ఇవ్వాలి, లేదా కోర్టు ఓడను అమ్మించాలి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

జీతం వచ్చేదాకా ఓడలోనే ఉండడం ఒక దారి. ఓడ కొత్తదై, సరుకు ఉండి, యజమాని తాత్కాలికంగా చిక్కుల్లో పడ్డాడంటే ఇది పనిచేస్తుంది. మనిషి ఓడలో ఉంటే యజమానికి చిరాకు, ఆ చిరాకు డబ్బు రాలుస్తుంది. మీవాడున్నది పాత చిన్న ట్యాంకర్. డీజిల్‌కే డబ్బు పంపని యజమాని జీతం పంపుతాడా? ఈ దారిలో మిగిలేది ఎక్కువగా ఎదురుచూపే. ఎండాకాలంలో జనరేటర్ పూర్తిగా ఆగిపోతే అది ఆరోగ్యం మీదికొస్తుంది.

హక్కు వదులుకోకుండా ఇంటికి రావడం రెండో దారి. నన్నడిగితే ఇటువైపే మొగ్గుతాను, కానీ దీని ఖరీదు కూడా చెప్పాలి. దిగొచ్చాక డబ్బు కోసం అక్కడి లాయరు ద్వారా పోరాడాలి. సిబ్బంది జీతం ఓడ మీదే ఉండే బాకీ. కోర్టు ఓడను అమ్మితే మామూలు అప్పులవాళ్లకంటే ముందు వరసలో మీవాళ్లుంటారు. కానీ పాత ఓడ ఇనుము ధరకు పోతుంది, అందులోంచే రేవు బకాయిలూ కోర్టు ఖర్చులూ తీసుకుంటారు. ఒక్కడు లాయర్ని పెట్టుకుంటే ఫీజుకే సరిపోతుంది, తొమ్మిది మంది కలిసి పెట్టుకుంటే గిట్టుతుంది. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఇంటికొచ్చాక లాయరుకు పవర్ ఆఫ్ అటార్నీ పంపాల్సి వస్తే, ఇక్కడ నోటరీ చేయించి, విదేశాంగ శాఖ ధ్రువీకరణ అయ్యాక, యూఏఈ వాళ్ల ముద్ర వేయించాలి. మిమ్మల్ని గేటు దగ్గర తిప్పి పంపిన కాన్సులేట్ పని అప్పుడు పడుతుంది.

ఏజెంటు అడిగే లక్షన్నర ఇవ్వడం మూడోది. ఇవ్వకండి. నావికుణ్ణి ఇంటికి పంపే ఖర్చు యజమానిది. అసలు మొదట తీసుకున్న 3 లక్షల 80 వేలే తప్పు. ఓడ ఉద్యోగం చూపించినందుకు నావికుడి దగ్గర ఫీజు తీసుకోకూడదు. పాస్‌పోర్టు, సీడీసీ, వైద్య పరీక్ష ఖర్చులు మాత్రమే అతనివి, వీసా ఖర్చు కూడా యజమానిదే. ఇంకో లక్షన్నర ఇచ్చారంటే, మీ బాబు స్థానంలో ఇంకొకరి బాబు దగ్గర ఇంకో మూడున్నర లక్షలు గుంజి అదే ఓడెక్కిస్తాడు.

నాలుగోది కుర్రాళ్లు వాళ్లలో వాళ్లు అనుకుంటూ ఉండవచ్చు: ఏదో చేపల పడవ మాట్లాడుకుని ఒడ్డుకు పారిపోవడం. గట్టిగా వద్దని చెప్పండి. అప్పుడు బాధితుడు కాస్తా అక్రమంగా చొరబడ్డవాడవుతాడు. అరెస్టయితే, తాను కోరితే అధికారులు ఆలస్యం లేకుండా కాన్సులేట్‌కు తెలియజేయాలి, మన అధికారి వెళ్లి కలవొచ్చు, వియన్నా ఒప్పందంలో 36వ అధికరణం అది. కలవడం, లాయరును చూడడం వరకే. జైలు తలుపు ఆ దేశానిది. 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు వాఘా దాటి వచ్చింది 2020 జనవరిలో. భారత్, పాకిస్తాన్ రెండూ ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు ఉండి కూడా అంతకాలం పట్టింది.

మీరు దుబాయ్ వెళ్లడం గురించి: ఆ డబ్బు మిగుల్చుకోండి. ఓడ దగ్గరికి మిమ్మల్ని వెళ్లనివ్వరు. కాన్సులేట్ కౌంటర్లో మీరిచ్చే కాగితం, మెయిల్లో పంపే కాగితం ఒక్కటే.

ఏజెంటు మీద కేసు మాత్రం పెట్టండి. వాడి పేరు డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్లో ఆర్‌పీఎస్‌ఎల్ (నావికులను ఉద్యోగంలో పెట్టే అనుమతి) లైసెన్సులున్నవాళ్ల జాబితాలో ఉందేమో ముందు చూడండి. ఉంటే ఆ సంస్థ చేత పని చేయించడం డీజీ షిప్పింగ్‌కు తేలిక, లైసెన్సు పోతుందనే భయం చాలు. విజిట్ వీసా మీద పంపాడంటే బహుశా ఉండదు. అప్పుడు పోలీసులే దిక్కు. భారతీయ న్యాయ సంహిత 318 సెక్షన్ కింద మోసం కేసు అవుతుంది. ఫోన్‌పే, బ్యాంకు రసీదులు, వాట్సాప్ సంభాషణలు, విజిట్ వీసా కాపీ, తాకట్టు చీటీ అన్నీ జతచేసి పోలీస్ కమిషనరేట్‌లో ఇవ్వండి. వాడు మీ చేత చెప్పించిన అబద్ధం గురించి కూడా దాచకుండా చెప్పండి.

కేసు పెడితే అబ్బాయిని వదిలేస్తాడని బంధువుల భయం. కానీ అబ్బాయి ఇప్పుడు వాడి చేతిలో లేడు. వాడికి ఓడ మీద అధికారం లేదు, టికెట్ మీద లేదు, ఇమిగ్రేషన్ మీద లేదు. 2024 మేలో కంబోడియా సైబర్ ముఠాల దగ్గరికి మనుషుల్ని పంపిన ఏజెంట్లను విశాఖ పోలీసులు ఇక్కడ పట్టుకున్నారు, కంబోడియా రాజధాని నమ్‌పెన్‌లోని మన ఎంబసీ అక్కడ చిక్కుకున్నవాళ్లను బయటికి తెచ్చింది. అదే నెలలో కొందరు మన ఎయిర్‌పోర్టులోనే దిగారు. ఇక్కడి ఎఫ్ఐఆర్ అక్కడి పనికి అడ్డం రాలేదు. మీ ఎఫ్ఐఆర్ కాపీ మదద్ ఫైల్లో పెడితే, ఇష్టపడి పారిపోయినవాడు కాదు, మోసపోయినవాడని కాన్సులేట్ రేవు వాళ్లకు చెప్పడానికి ఒక ఆధారం దొరుకుతుంది. ఒకటే జాగ్రత్త: మీ మెయిల్, సంతకాల కాగితం వెళ్లాకే స్టేషన్‌కు వెళ్లండి. ముందే తెలిస్తే ఏజెంటు కెప్టెన్‌కు ఫోన్ చేసి కుర్రాళ్ల ఫోన్లు గుంజుకోమనవచ్చు.

పాస్‌పోర్టు కెప్టెన్ దగ్గర ఉండడం గురించి మీరు చాలా కంగారు పడ్డారు. రేవు పనుల కోసం ఓడల్లో పాస్‌పోర్టులు కెప్టెన్ దగ్గర ఉంచడం మామూలే, అదొక్కటే నేరం కాదు. దిగే రోజున ఇవ్వనంటే నేరం. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి అని 1967 చట్టంలోనే ఉంది. అప్పటికీ ఇవ్వకపోతే కాన్సులేట్ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. ఇండియాకు ఒక్క ప్రయాణానికే పనికొచ్చే కాగితం అది. అది త్వరగా రావాలంటే మనిషి ఎవరో తేలాలి. పాత పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల కాపీ మీ దగ్గర ఉంటే ఈరోజే స్కాన్ చేసి పెట్టుకోండి. లేకపోతే మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసుకు వెళ్లి పాత ఫైలు వివరాలు అడగండి.

దిగే రోజు సంగతి అబ్బాయికి ఇప్పుడే చెప్పి ఉంచండి, ఆ రోజు హడావుడిలో వినిపించదు. ఓడ దిగే ముందు ఒప్పంద పత్రం కాపీ, జీతం లెక్కల కాగితం మీద కెప్టెన్ సంతకం, ఓడ స్టాంపు, సీడీసీలో చేరిన, దిగిన తేదీల నమోదు, ఇవన్నీ చేతిలో ఉండాలి. కెప్టెన్ సంతకం పెట్టనంటే, చేత్తో లెక్క రాసి మిగతావాళ్లలో ఇద్దరి చేత సాక్షి సంతకాలు పెట్టించి ఫొటో తీయాలి. అప్పుడు కంపెనీ మనిషి ఒక కాగితం తెస్తాడు. రెండు నెలల జీతం కవర్లో పెట్టి, ‘నాకు కంపెనీ నుంచి ఇక ఏమీ రావాల్సింది లేదు’ అన్న చోట సంతకం పెట్టు, విమానం టైమవుతోంది అంటాడు. డబ్బు తీసుకోవచ్చు. సంతకం పెట్టాల్సి వస్తే ఆ వాక్యం కొట్టేసి, ‘ఇంత మాత్రమే ముట్టింది, ఇంత బకాయి ఉంది, నా హక్కు ఉంచుకుంటున్నాను’ అని తన చేత్తో ఇంగ్లిష్‌లో రాసి, తేదీ వేసి సంతకం పెట్టమనండి. ఆ వాక్యం ఇప్పుడే వాట్సాప్‌లో పంపండి, రెండుసార్లు కాగితం మీద రాసి ప్రాక్టీసు చేయమనండి. కొట్టేయనివ్వకపోతే సంతకం పెట్టకుండా సహాయత కేంద్రానికి ఫోన్ చేయాలి.

ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికొచ్చిన వారంలోపు ఆ కాగితాలన్నీ తీసుకుని ఇద్దరూ కలిసి మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్‌కు, తర్వాత స్టేషన్‌కు వెళ్లి అబ్బాయి స్టేట్‌మెంట్ ఇప్పించండి. మదద్‌లో ఫిర్యాదును ‘పరిష్కారమైంది’ అని మూసేస్తామని అడుగుతారు. ఇంటికి చేరిన విషయం వరకే మూయమని, జీతం బకాయి తెరిచే ఉంచమని జవాబు రాయండి.